శాఖను కాదు, ప్రశ్నను పట్టుకోండి

"ఫిజిక్స్ సదివితే ఏమొస్తాదిరా నాయనా?"

అనంతపురం జిల్లాలో ఎమ్మెస్సీ ఫిజిక్స్‌లో చేరిన పిల్లల్లో ఈ మాట పడనివాళ్ళు తక్కువ. అడిగిన తండ్రిని తప్పుపట్టలేం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. అది కూడా వేరుశనగ ఊడలు దిగే వేళకు మొహం చాటేస్తుంది. ఆ పంటను నమ్ముకుని అప్పు తెచ్చి ఫీజు కట్టినవాడు లెక్క అడుగుతాడు. అడగాలి కూడా.

ఇప్పుడు పిల్లల వైపు నుంచి ఇంకో ప్రశ్న మొదలైంది. ఐబీఎం, టీసీఎస్, ఎల్ అండ్ టీలతో కలిసి అమరావతిలో క్వాంటం వ్యాలీ కడతామని, అందులో 156 క్యూబిట్ల (క్వాంటం కంప్యూటర్‌లో సమాచారాన్ని దాచే మూల భాగాలను క్యూబిట్లంటారు) యంత్రం పెడతామని 2025లో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. అప్పటి నుంచి "క్వాంటం కోర్సు యాడ జెప్తారు సార్? ఎన్ని నెలలు?" అని అడుగుతున్నారు. నిన్నటిదాకా పైథాన్ అని రాసి ఉన్న బోర్డు మీదే రేపు క్వాంటం అని రాస్తారు. మూడు నెలల్లో సర్టిఫికెట్, ఆ తర్వాత ఉద్యోగం అంటారు. నమ్మకండి. ఏ రంగంలోనైనా బోర్డు పడే సమయానికి అసలైనవాళ్ళు అందులో ఇరవై ఏళ్ళ నుంచి ఉంటారు. ఆ ఇరవై ఏళ్ళూ వాళ్ళేం చేశారో చూస్తే మనకు కాస్త దారి కనిపిస్తుంది.

అలాంటి ఒకాయన గురించి చెబుతాను. పేరు చేతన్ నాయక్. మైక్రోసాఫ్ట్‌లో క్వాంటం యంత్రాల తయారీకి నాయకుడు. తెలుగువాడు కాదు, న్యూయార్క్‌లో పుట్టినవాడు. మరి అనంతపురంలో ఆయన కథ ఎందుకంటే, ఆ పరిశోధనకు డబ్బు ఖర్చుపెడుతున్న కంపెనీ అధిపతి సత్య నాదెళ్ళ మూలాలు ఈ జిల్లావే. ఆయన తండ్రి, ఐఏఎస్ అధికారి బి.ఎన్. యుగంధర్‌ది ఎల్లనూరు మండలం బుక్కాపురం. 2017లో వచ్చిన తన పుస్తకం 'హిట్ రిఫ్రెష్'లో నాదెళ్ళ రేపటి ప్రపంచాన్ని మార్చే మూడు సాంకేతికతల్లో క్వాంటం కంప్యూటింగ్ ఒకటని రాశారు. "మనోడే" అని చెప్పుకోవడం మనకు సరదా. అందులో తప్పులేదు కానీ, అక్కడితో ఆగిపోతే మాత్రం దండగ. నాదెళ్ళ ఎవరి పని మీద నమ్మకం పెట్టుకున్నారో, ఆ పని ఎలా పుట్టిందో తెలుసుకుంటేనే లాభం.

ఎవరూ అడగని లెక్క

నాయక్ 1992లో హార్వర్డ్ డిగ్రీ, 1996లో ప్రిన్స్‌టన్ పీహెచ్‌డీ పూర్తిచేశాడు. గైడు ఫ్రాంక్ విల్చెక్. ఆయనకు 2004లో నోబెల్ వచ్చింది. నాయక్ చదివిన శాఖ కండెన్స్‌డ్ మ్యాటర్ సిద్ధాంతం. మన ఎమ్మెస్సీలో సాలిడ్ స్టేట్ అని ఒక పేపరు ఉంటుంది కదా, దాని పెద్దరూపం. కోట్లాది ఎలక్ట్రాన్లు ఒకచోట చేరితే ఒక్క ఎలక్ట్రాన్‌లో లేని గుణాలు ఎక్కడి నుంచి వస్తాయి? అయస్కాంతం ఎందుకు అయస్కాంతం అవుతుంది? కొన్ని లోహాలు అతిశీతలంలో కరెంటును అడ్డు లేకుండా ఎందుకు పోనిస్తాయి? ఆ శాఖ పని ఇదంతా.

నాయక్ పట్టుకున్న ప్రశ్న ఇంకొంచెం విచిత్రం. రెండు సెమీకండక్టర్ల మధ్య పలుచని పొరలో ఎలక్ట్రాన్లను బంధిస్తే అవి పక్కలకు కదలగలవు, పైకీ కిందకీ కదలలేవు. ఆ పొరను పరమశూన్య ఉష్ణోగ్రత దగ్గరదాకా చల్లబరిచి, బలమైన అయస్కాంత క్షేత్రంలో ఉంచితే అవి విడివిడిగా ప్రవర్తించడం మానేస్తాయి. అన్నీ కలిసి కొత్త రకం కణాల్లాగా మెలుగుతాయి. 1987లో ప్రయోగశాలలో ఇలాంటి ఒక స్థితి కనిపించింది. గ్రెగరీ మూర్, నికొలస్ రీడ్ అనే ఇద్దరు 1991లో దానికి ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. ఆ కణాలు పది ఉంటే, వాటి స్థానాలు ఏమాత్రం మారకుండానే మొత్తానికి పదహారు భిన్నమైన స్థితులు ఉంటాయని, రెండు కణాలను ఒకదాని చుట్టూ ఒకటి తిప్పి చోట్లు మార్చితే వ్యవస్థ ఒక స్థితి నుంచి మరోదానికి మారుతుందని నాయక్, విల్చెక్ 1996లో లెక్కగట్టి చూపించారు. ఏది ముందు తిప్పాం, ఏది తర్వాత తిప్పాం అన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. తిప్పిన వరసను పదార్థం గుర్తుపెట్టుకుంటుంది అన్నమాట.

దీనివల్ల ఉపయోగం? ఆ రోజున ఏమీ లేదు. ఇరవై అయిదేళ్ళ కుర్రవాడు కూర్చుని ఇలాంటి లెక్క చేశానంటే న్యూయార్క్‌లో అయినా "ఏమొస్తాది నాయనా" అనే అడుగుతారు.

మరుసటి ఏడాది, 1997లో, మాస్కో దగ్గర లాండౌ ఇన్‌స్టిట్యూట్‌లో అలెక్సీ కిటాయెవ్ అనే ఇంకో సిద్ధాంతవేత్త వేరే వైపు నుంచి అదే చోటికి వచ్చాడు. క్వాంటం కంప్యూటర్‌కు పుట్టుకతో వచ్చిన రోగం మరుపు. క్యూబిట్‌లో దాచిన సమాచారం కొంచెం వేడి తగిలినా, ఎక్కడో చిన్న విద్యుత్ కదలిక వచ్చినా చెదిరిపోతుంది. అయితే సమాచారాన్ని ఏ ఒక్క కణంలోనూ దాచకుండా, కణాల జంటల మధ్య, వాటిని తిప్పిన వరసలో దాచితే? ఒకచోట తగిలిన దెబ్బకు అది పోదు. కిటాయెవ్‌కు కావలసిన కణాలు సరిగ్గా నాయక్ లెక్కల్లో ఉన్న రకం. ఇక్కడ గణితజ్ఞుడు మైఖేల్ ఫ్రీడ్‌మన్ కూడా వచ్చి కలిశాడు. 1986లో ఫీల్డ్స్ మెడల్ అందుకున్న ఫ్రీడ్‌మన్ అప్పటికి మైక్రోసాఫ్ట్‌లో చేరి ఇదే ఆలోచన చేస్తున్నాడు. 2005లో ఫ్రీడ్‌మన్, నాయక్, శంకర్ దాస్ శర్మ ముగ్గురూ కలిసి, 1987లో దొరికిన ఆ పదార్థ స్థితితో క్యూబిట్ ఎలా చేయవచ్చో రాశారు. అదే ఏడాది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా బార్బరా ఆవరణలో మైక్రోసాఫ్ట్ స్టేషన్ క్యూ అనే పరిశోధన కేంద్రం తెరిచింది. అప్పటికి లాస్ ఏంజెలెస్‌లో ప్రొఫెసర్‌గా ఉన్న నాయక్ అందులో చేరాడు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. నాయక్ రంగం మారలేదు. కంప్యూటర్లకు డిమాండ్ ఉందని ఫిజిక్స్ వదిలిపెట్టి వెళ్ళలేదు. అలాగని కండెన్స్‌డ్ మ్యాటర్ గీత దాటను అని మడికట్టుకుని కూర్చోనూ లేదు. ఆయన పట్టుకున్నది ఒక ప్రశ్న. ఈ కణాలు నిజంగా ఉన్నాయా, ఉంటే వాటితో ఏం చేయవచ్చు? ఆ ప్రశ్న గణితం అడిగితే గణితం, యంత్రం అడిగితే యంత్రం, కంపెనీ అడిగితే కంపెనీ. ప్రశ్న ఎక్కడికి నడిపితే అక్కడికి వెళ్ళాడు.

ఒకేచోట తవ్వమంటారు

వ్యక్తిత్వ వికాస ఉపన్యాసాల్లో అరిగిపోయిన ఉపమానం ఒకటి ఉంది. పదిచోట్ల పదేసి అడుగులు తవ్వితే నీళ్ళు పడవు, ఒకేచోట వంద అడుగులు తవ్వమంటారు. మిగతా చోట్ల దీనికి చప్పట్లు పడతాయేమో. అనంతపురంలో చెప్తే నవ్విపోతారు. ఒకేచోట వెయ్యి అడుగుల బోరు వేసి, నీళ్ళ బదులు దుమ్ము లేస్తుంటే చూస్తూ నిలబడిన రైతులు ఇక్కడ ఊరూరా ఉన్నారు. మన కింద ఉన్నది గ్రానైటు. నీళ్ళు రాతిలో ఉండవు, రాతి పగుళ్ళలో ఉంటాయి. చాలాచోట్ల కిందికి పోయేకొద్దీ ఆ పగుళ్ళు కూడా తగ్గుతాయి. కాబట్టి పట్టుదల ఒక్కటే చాలదు. రాయి ఎక్కడ పగిలిందో చూసే కన్ను కావాలి.

చదువులోనూ ఆ కన్నే కావాలి. గణితం, పదార్థశాస్త్రం, కంప్యూటర్లు మూడూ విడివిడిగా ఎవరి కట్టడంలో వాళ్ళు గట్టిగా కూర్చుని ఉన్న రోజుల్లో, వాటి మధ్య పగులు ఎక్కడుందో నాయక్, కిటాయెవ్, ఫ్రీడ్‌మన్ చూశారు. ముగ్గురిలో ఏ ఒక్కరూ మూడు నెలల కోర్సు చేసి ఆ చోటికి రాలేదు. తమ తమ విద్యలో మొదట ఎముకల దాకా దిగారు, ఆ తర్వాత పక్కింటి భాష నేర్చుకున్నారు. వరస ముఖ్యం. ముందు లోతు, తర్వాత పక్కచూపు. మన పిల్లలకు మొదటిది లేకుండా రెండోదాన్ని అమ్ముతున్నారు.

ఇలాంటి మనిషి తెలుగువాళ్ళలో లేడా అంటే, ఉన్నాడు. మనం మరిచిపోయాం. సూరి భగవంతం 1909లో కృష్ణా జిల్లాలో పుట్టారు. 1928లో, రామన్ ఎఫెక్ట్ బయటపడిన ఏడాదే, కలకత్తాలో సి.వి. రామన్ దగ్గర చేరారు. తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ, స్ఫటికాల సౌష్ఠవాన్ని గ్రూప్ థియరీ అనే గణితంతో ఎలా చదవాలో తేల్చారు. టి. వెంకటరాయుడుతో కలిసి ఆయన రాసిన గ్రూప్ థియరీ పుస్తకం 1948లో వచ్చింది. ఫిజిక్సువాళ్ళలో చాలామంది గ్రూప్ థియరీ పేరెత్తితే పారిపోయే కాలంలో రాసిన పుస్తకం అది. ఆ సిద్ధాంతవేత్తే 1957 నుంచి 1962 దాకా బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టర్. 1961 నుంచి 1969 దాకా రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారు. చైనా యుద్ధం, పాకిస్తాన్ యుద్ధం రెండూ ఆయన హయాంలోనే వచ్చాయి. స్ఫటికాల గణితం రాసిన చేయి రక్షణ ప్రయోగశాలలను నడిపింది. అనంతపురంతోనూ ఆయనకు అనుబంధం ఉంది. తర్వాతి కాలంలో, అప్పటికి ఈ జిల్లాలోనే ఉన్న పుట్టపర్తిలో సత్యసాయిబాబా తెలుగు ప్రసంగాలను సభల్లో ఇంగ్లీషులోకి చెప్పింది ఆయనే. భక్తి సంగతి ఎవరిష్టం వాళ్ళది. నాకు ఆసక్తి కలిగించేది ఆ మనిషికి ఒక భాష నుంచి ఇంకో భాషకు, గణితం నుంచి స్ఫటికానికి, ప్రయోగశాల నుంచి ప్రభుత్వానికి మాట మోసే అలవాటు ఉండటం.

కానీ భగవంతంగారి దారికీ నాయక్ దారికీ తేడా ఉంది. భగవంతం ఉన్నత పదవుల్లోకి వెళ్ళాక తన పాత ప్రశ్నను చాలావరకు పక్కన పెట్టాల్సి వచ్చింది. ఆ కాలపు భారతదేశం ఆయన్ని అలా వాడుకుంది. ఈ రోజు మీకు ఆ త్యాగం అక్కర్లేదు. ప్రశ్నను వెంట తీసుకునే ప్రయోగశాల నుంచి కంపెనీకి వెళ్ళే వీలు ఇప్పుడుంది.

ఓడినప్పుడు ఏం చేశారు

విజయగాథలు రాసేవాళ్ళు సాధారణంగా దాటేసే భాగం ఒకటుంది. నాకు మాత్రం ఇందులోనే ఎక్కువ పాఠం కనిపిస్తుంది.

1987 నాటి పదార్థంతో పని ముందుకు సాగలేదు. అది చాలా సున్నితం. 2010లో రెండు బృందాలు వేరే మార్గం ప్రతిపాదించాయి. సన్నని సెమీకండక్టర్ తీగను, కరెంటును అడ్డు లేకుండా పోనిచ్చే సూపర్‌కండక్టర్‌తో జతచేస్తే ఆ తీగ రెండు కొసల్లో అలాంటి స్థితులే పుడతాయని చెప్పాయి. వాటికి 1937లో ఇటలీ శాస్త్రవేత్త ఎట్టొరె మయొరానా ఊహించిన కణం పేరే పెట్టారు. 2012లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ ప్రయోగశాల వాటి ఆనవాళ్ళు చూశామంది. 2018లో అక్కడి నుంచే, మైక్రోసాఫ్ట్ అండతో, ఇంకా గట్టి రుజువు దొరికిందని నేచర్ పత్రికలో పేపరు వచ్చింది. 2021లో ఆ పేపరును వెనక్కి తీసుకున్నారు. బయటి శాస్త్రవేత్తలిద్దరు అసలు డేటా అడిగి చూస్తే, తమకు అనుకూలంగా లేని భాగం పేపరులో కనబడలేదు. తగినంత శాస్త్రీయ కట్టుదిట్టం పాటించలేదని రచయితలే ఒప్పుకున్నారు. అడిగిన ఇద్దరిలో ఒకరైన విన్సెంట్ మూరిక్ 2012 పేపరులో మొదటి పేరు ఉన్నవాడు, అంతకుముందు అదే ప్రయోగశాల మనిషి. సొంత ఇంటివాళ్ళనే లెక్క అడిగాడు!

ఆ పేపరు నాయక్ రాసింది కాదు. అయినా ఆ మచ్చ మొత్తం ప్రయత్నం మీద పడింది. అప్పుడు నాయక్ బృందం ఏం చేసింది? ప్రయోగం మొదలుపెట్టకముందే, ఏయే పరీక్షలు నెగ్గితే మేం నెగ్గినట్టు లెక్క అనే నియమాలు రాసి పెట్టుకుంది. ఆ నియమాల ప్రకారం తమ పరికరాలు నెగ్గాయని 2023లో ప్రచురించింది. ఆ నియమాలే సరిపోవని వాదించినవాళ్ళూ ఉన్నారు. 2025 ఫిబ్రవరి 19న మైక్రోసాఫ్ట్ మయొరానా 1 అనే చిప్‌ను ప్రకటించింది. దాదాపు ఇరవై ఏళ్ళ అన్వేషణ ఫలించిందని నాదెళ్ళ ఎక్స్‌లో రాశారు. అదే రోజు నేచర్ ప్రచురించిన వాళ్ళ పేపరుతో పాటు బయటపెట్టిన సమీక్షల ఫైలులో సంపాదకులు ఒక మాట చేర్చారు. ఈ ఫలితాలు మయొరానా స్థితులు ఉన్నాయనడానికి రుజువు కావని! మరుసటి నెల అనాహైమ్‌లో జరిగిన అమెరికా భౌతికశాస్త్రవేత్తల పెద్ద సమావేశంలో నాయక్ నిండు సభ ముందు నిలబడి తన డేటా చూపించాడు. ప్రశ్నలు వచ్చాయి. సందేహాలు తీరనివాళ్ళు చాలామందే ఉండిపోయారు.

ఇప్పుడు మీరు అడగాలి: మరి ఈయన గెలిచాడా, ఓడాడా? నా లెక్క వేరు. తన సిద్ధాంతం తప్పని తేలే వీలున్న పరీక్ష ముందు ముప్పయ్యేళ్ళుగా నిలబడుతున్నవాడు ఆయన. మార్కుల మెమో తెచ్చుకున్న మరునాడు పుస్తకం మూసేసే చదువు మనది. సందేహించినవాణ్ణి శత్రువుగా చూసే అలవాటు మనది. క్లాసులో మాస్టారు వేసిన స్టెప్ తప్పని చెప్పిన పిల్లవాణ్ణి "నీకే ఎక్కువ తెలుసా" అని కూర్చోబెట్టే దేశం నుంచి మూరిక్ లాంటివాడు ఎలా పుడతాడు? మీ ప్రాజెక్టులో కలవని రీడింగును గ్రాఫులోంచి తుడిచేయకండి. గ్రాఫు వంకరగా ఉంటే వంకరగానే పెట్టండి. అది సరిగ్గా ఎందుకు రాలేదో రెండు వాక్యాలు రాయండి. పరిశోధన అనేది అక్కడ మొదలవుతుంది.

పాత పేపరే, కొత్త యంత్రం

"నేను చదివేది పాత సిలబస్ కదా, క్వాంటం కంప్యూటర్‌కు పనికొస్తుందా?" ఈ సందేహం చాలామందిది. పనికొస్తుంది. ఎంతగానో చెబుతాను.

1925లో ఎర్న్‌స్ట్ ఈజింగ్ అనే జర్మన్ యువకుడు తన థీసిస్‌లోని ఒక నమూనాను ప్రచురించాడు. వరసగా పేర్చిన బుల్లి అయస్కాంతాలు, ఒక్కొక్కటి పైకి గాని కిందికి గాని చూస్తుంది. అంతే. మీ స్టాటిస్టికల్ మెకానిక్స్ పేపరులో అది ఉంది, పరీక్షకు ముందురోజు రాత్రి చదివి మరిచిపోతారు. 2023 జూన్‌లో ఐబీఎం తన 127 క్యూబిట్ల యంత్రం సత్తా చూపిస్తామని నేచర్‌లో పేపరు వేసినప్పుడు, ఆ యంత్రానికి ఇచ్చిన లెక్క ఏమిటో తెలుసా? ఈ ఈజింగ్ నమూనా క్వాంటం రూపమే. మామూలు కంప్యూటర్లకు ఆ లెక్క కష్టమని వాళ్ళ ఉద్దేశం. కొద్ది వారాల్లోనే ఇంకో బృందం మామూలు కంప్యూటర్‌తోనే దాన్ని చేసి చూపించింది. ఏ విద్యతో? టెన్సర్ నెట్‌వర్క్ అనే పద్ధతితో. దాని మూలం 1992లో స్టీవెన్ వైట్ కండెన్స్‌డ్ మ్యాటర్ లెక్కల కోసం కనిపెట్టిన కిటుకులో ఉంది. అంటే యంత్రానికి పరీక్ష పెట్టిందీ, ఆ పరీక్షలో ఎదురు నిలిచిందీ మీ సాలిడ్ స్టేట్ పేపరు బంధువులే.

కేంద్ర ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో ఆమోదించిన జాతీయ క్వాంటం మిషన్ బడ్జెట్ 6,003.65 కోట్లు. దాని కింద నాలుగు కేంద్రాలు పెట్టారు. కంప్యూటింగ్ బెంగళూరు ఐఐఎస్‌సీకి, కమ్యూనికేషన్ మద్రాసు ఐఐటీకి, సెన్సర్లు బొంబాయి ఐఐటీకి ఇచ్చారు. నాలుగోది పదార్థాలు, పరికరాల కోసం ఢిల్లీ ఐఐటీలో. ఆ నాలుగో కేంద్రాన్ని పత్రికలు పట్టించుకోవు. మీరు పట్టించుకోండి. క్యూబిట్ చివరికి ఒక పదార్థం ముక్క. అల్యూమినియం, నియోబియం, ఇండియం ఆర్సెనైడ్. దాన్ని పరమశూన్యానికి డిగ్రీలో వందో వంతు దూరందాకా చల్లబరచాలి, మైక్రోవేవ్ తరంగాలతో పలకరించాలి, శబ్దంలోంచి సంకేతాన్ని ఏరుకోవాలి. అంటే జేఎన్‌టీయూలో ఈసీఈ చదివే అమ్మాయికీ, మెకానికల్ చదివి శీతలీకరణ తెలిసిన అబ్బాయికీ ఇందులో చోటుంది. సిద్ధాంతవేత్తలకే అనుకోవద్దు.

ఇక చేయాల్సిన పని. ముందు లీనియర్ ఆల్జీబ్రా. మాట్రిక్స్, ఐగెన్ విలువ, యూనిటరీ అంటే ఏమిటో నిద్రలో లేపి అడిగినా చెప్పగలగాలి. మీ క్వాంటం మెకానిక్స్‌లో పౌలి మాట్రిక్స్‌లు మూడు ఉన్నాయి కదా, అవే క్వాంటం కంప్యూటర్‌లో గేట్లుగానూ పనిచేస్తాయి. ఎలక్ట్రాన్ స్పిన్ కోసం నేర్చుకున్నది క్యూబిట్‌కు అక్షరం మారకుండా వర్తిస్తుంది. తర్వాత ఒక ల్యాప్‌టాప్, సొంతం కాకపోతే డిపార్ట్‌మెంట్‌ది. పైథాన్ ఉచితం. పది అయస్కాంతాల ఈజింగ్ గొలుసు తీసుకోండి. రెండును పదిసార్లు గుణిస్తే 1,024 స్థితులు. 1,024 వరసలు, 1,024 నిలువులు ఉన్న మాట్రిక్స్. ల్యాప్‌టాప్ దాన్ని చిటికెలో తేలుస్తుంది. పక్కనుంచి అయస్కాంత క్షేత్రాన్ని పెంచుతూ పోండి, ఒకచోట గొలుసు స్వభావం మారడం మీ తెర మీదే కనిపిస్తుంది. ఇరవై అయస్కాంతాలకు వెళ్ళండి. స్థితులు 10,48,576. ఇక మాట్రిక్స్ మొత్తం రాసే వీలుండదు, ఉపాయాలు కావాలి. యాభైకి వెళితే పదకొండు కోటి కోట్లకు పైగా. ఏ ల్యాప్‌టాప్ వల్లా కాదు. పదార్థాన్ని లెక్కించడానికి పదార్థం నియమాలతోనే నడిచే యంత్రం కావాలని రిచర్డ్ ఫైన్‌మన్ 1981లో ఎందుకు అన్నాడో ఉపన్యాసం వినకుండానే ఆ సాయంత్రం మీకు అర్థమవుతుంది. మూడు నెలల సర్టిఫికెట్ కన్నా ఆ ఒక్క సాయంత్రం విలువైనది.

ఇంగ్లీషు గురించి భయం. తెలుగు మీడియంలో చదివి ఎస్కే యూనివర్సిటీకి వచ్చినవాళ్ళకు ఈ భయం ఎక్కువ. పేపర్ల ఇంగ్లీషు కథల ఇంగ్లీషు కాదు. నాలుగైదు వందల మాటలే తిరిగి తిరిగి వస్తాయి. మాట్లాడటం తర్వాత సంగతి, ముందు చదవడం, రాయడం. రోజుకు ఒక పేపరు సారాంశాన్ని అయిదు వాక్యాల్లో మీ మాటల్లో రాయండి. తెలుగులో రాసినా నష్టం లేదు. అర్థమైందో లేదో సొంత భాషలో రాసినప్పుడే బయటపడుతుంది.

దూరం గురించి ఫిర్యాదు మాత్రం నేను ఒప్పుకోను. అనంతపురం నుంచి బెంగళూరు రమారమి రెండు వందల కిలోమీటర్లు. హిందూపురం పిల్లలకు అందులో సగమే. ఐఐఎస్‌సీ, రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్, హెసరఘట్ట వైపున్న ఐసీటీఎస్ అన్నీ అక్కడే. కూరగాయల బండి ఎక్కినా తెల్లారేసరికి చేరతారు. బహిరంగ ఉపన్యాసాలు జరుగుతాయి, ఎవరైనా వెళ్ళి వెనక వరసలో కూర్చోవచ్చు. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఏటా వేసవి ఫెలోషిప్‌లు ఇస్తాయి. జిల్లా కాలేజీల నుంచి దరఖాస్తు చేసేవాళ్ళు తక్కువ. చేయండి. ప్రొఫెసర్‌కు మెయిల్ రాసేటప్పుడు "ఐ యామ్ ఇంటరెస్టెడ్ ఇన్ క్వాంటం" అని రాస్తే చెత్తబుట్టకే. "ఇరవై అయస్కాంతాల గొలుసు చేశాను, ఇక్కడ ఆగిపోయాను, ఎందుకో అర్థం కాలేదు" అని రాస్తే చదువుతారు. ఎందుకంటే అలాంటి మెయిల్స్ వాళ్ళకు అరుదు.

ఇంట్లో అడిగే ప్రశ్నకూ జవాబు కావాలి కదా. నిజమే చెప్పండి. "ఉద్యోగం వెంటనే రాకపోవచ్చు నాయనా. జెస్ట్, నెట్, గేట్ రాస్తాను. వస్తే ఫెలోషిప్ డబ్బుతోనే చదువుతాను, నీ మీద భారం వేయను. రాకపోతే కోడింగ్ వచ్చు, లెక్కలు వచ్చు, బతుకుతాను." గడువు కూడా మీరే చెప్పండి. కరువు సీమ తండ్రికి కలలు అమ్మితే నమ్మడు, లెక్క చెప్తే వింటాడు. కండెన్స్‌డ్ మ్యాటర్ లెక్కలు చేసే చేయి డేటా సైన్సులోనూ, చిప్పుల డిజైన్‌లోనూ ఆకలితో ఉండదన్నది ఆయనకు భరోసా ఇచ్చే మాటే, అబద్ధమూ కాదు.

అమరావతి యంత్రం విషయంలో నా అభిప్రాయం ఒక్కటే. యంత్రం వస్తుంది, పాతదీ అవుతుంది, దాని స్థానంలో ఇంకోటి వస్తుంది. దానికి ఏ లెక్క ఇవ్వాలో తెలిసినవాళ్ళు మన దగ్గర లేకపోతే అది చూసి ఫొటో దిగే వస్తువుగా మిగులుతుంది. ఆ లెక్కలు తయారు చేయడం కంపెనీల పని కాదు, మన ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్ల పని. ఖాళీగా ఉన్న అధ్యాపక పోస్టులు నింపకుండా క్వాంటం గురించి ఎన్ని సభలు పెట్టినా ఉపయోగం లేదు.

నాయక్, దాస్ శర్మ, ఫ్రీడ్‌మన్, ఇంకో ఇద్దరు కలిసి 2008లో ఈ విషయం మీద పెద్ద సమీక్షా వ్యాసం రాశారు. ఆర్కైవ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంది, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఈ ఆదివారం దాని మొదటి విభాగం చదవండి. సగం అర్థం కాదు. అర్థం కాని వాక్యాలను ఒక కాగితం మీద రాసుకుని, సోమవారం పొద్దున మీ మాస్టారి గది తలుపు తట్టండి. ఆయనకూ తెలియకపోతే ఇద్దరూ కలిసి కూర్చోండి.